శుక్రవారానికి ఆరుగురు

నార్వే పడమటి తీరాన స్కార్వ అనే చిన్న దీవి. ఓస్మున్ మాస్టారు పోయి వారమైంది, అంత్యక్రియలు శుక్రవారం. ఆయన భార్య గుద్రున్ వంటింట్లో, ఒకప్పుడు ఆయన దగ్గర అక్షరాలు దిద్దుకుని ఇప్పుడు మేయరైన యోస్టైన్, కోటు కూడా విప్పకుండా కూర్చున్నాడు.

"మీ మునిసిపాలిటీ దండ సంగతి తర్వాత. ముందు ఇది చెప్పు. ఎంతమంది?"

"మునిసిపాలిటీ తరఫున నేనూ, ఉపమేయరూ, ఆఫీసు నుంచి ఇద్దరో ముగ్గురో..."

"వచ్చేవాళ్ళని కాదురా. వచ్చి కాఫీ తాగి పోయేవాళ్ళకేం కొదవ? మోసేవాళ్ళు. పెట్టె మోసేవాళ్ళు ఎంతమంది అంటున్నాను."

"అది... అది మీరు చూసుకునే ఉంటారనుకున్నాను, గుద్రునమ్మా."

"నేను చూసుకోవడమేంటి? నువ్వసలు ఈ దీవిలో పుట్టినవాడివేనా? కుడిపక్క మూడిళ్ళు, ఎడమపక్క మూడిళ్ళు. ఇంటికో మనిషి. పిలవక్కర్లేదు. కబురు విన్న మర్నాడు గుమ్మంలో నిలబడి, టోపీ తీసి, 'ఎన్నింటికి?' అని అడిగి వెళ్ళిపోతారు. మీ నాన్న పోయినప్పుడు ఈయన రాలేదూ? నడుం పట్టేసి వంగలేని మనిషి, వచ్చాడా లేదా?"

"వచ్చారు."

"వచ్చి?"

"ముందువైపు పట్టుకున్నారు. గుర్తుంది, ఎందుకు గుర్తుండదు?"

"గుర్తుంటే సరే. మరి వారమైంది. నా గుమ్మంలో ఎవరు నిలబడ్డారో అడుగు."

"ఎవరు?"

"ఒక్కడు. కుడిపక్క మూడో ఇంట్లో అద్దెకుంటాడే, చేపల పెంపకంలో పనిచేసే లిథువేనియా అతను, దరియుస్. ఇక్కడి పద్ధతి ఇదని ఎవరో చెప్పారట. వచ్చీరాని భాషలో 'ఎన్నింటికి?' అన్నాడు. పాపం, వాడికి మా సంగతి తెలీదుగా. తెలిస్తే వాడూ వచ్చేవాడు కాదు."

"అలా అనకండి."

"ఇంకొకడు ఆయన అన్న కొడుకు. బెర్గెన్ నుంచి వస్తున్నాడు. వాడికి మోకాలి చిప్ప మార్చారు. ఇద్దరయ్యారా? ఒకడు పరాయివాడు, ఒకడు కుంటివాడు. నలభై మూడేళ్ళు పాఠాలు చెప్పి, పదహారేళ్ళు కౌన్సిల్లో కూర్చున్నవాడికి ఇద్దరు."

"అంత్యక్రియల కంపెనీ వాళ్ళు మనుషుల్నిస్తారండీ. నల్ల సూట్లు వేసుకుని, పద్ధతిగా..."

"అద్దె చేతులా?"

"మునిసిపాలిటీయే మాట్లాడుతుంది, మీరేం..."

"అద్దె చేతులా అని అడుగుతున్నాను! ఇక్కణ్ణించి చర్చికి దారెటు? బడి ముందు నుంచే కదా. ఇప్పుడది ఓస్లో వాళ్ళ వేసవి ఇల్లయింది, నల్లబల్ల ఉన్నచోట పొయ్యి కట్టుకుని మాంసం కాల్చుకుంటున్నారు, అయినా అది బడే. ఆ ముందు నుంచి ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఆయన్ని పట్టుకెళుతుంటే ఊరు ఊరంతా కిటికీల్లోంచి చూస్తుంది. వాళ్ళకి కావలసిందీ అదే. కాఫీ చల్లారిపోతోంది, తాగు."

"తాగుతున్నాను. మీతో కూడా ఎవరూ మాట్లాడటం లేదా?"

"నాతోనా? నాతో మాట్లాడకేం! ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు. అదిగో, ఆ డబ్బాలన్నీ వాళ్ళవే. చేపల సూపు, కేకులు, వాఫల్స్. నేనొక్కదాన్నీ ఎన్నని తింటాను? కౌగిలించుకుంటారు, 'జాగ్రత్త గుద్రున్, ఏం కావాలన్నా ఫోన్ చెయ్యి' అంటారు. ఆయన పేరు మాత్రం ఎత్తరు. నేను విధవనైతే అయ్యాను గానీ, పోయినవాడంటూ ఎవడూ లేనట్టు."

"మునిసిపాలిటీ మర్చిపోలేదండీ. అందుకే దండ. రిబ్బను మీద 'అన్నిటికీ ధన్యవాదాలు' అని రాయిస్తున్నాం."

"దేనికి?"

"అంటే... అన్నిటికీ."

"అన్నిటికీ అంటే? లేచి బయటికి పోయినందుకా?"

"గుద్రునమ్మా..."

"నోరుమూసుకుని ఉన్నందుకా? పేరు పెట్టి చెప్పరా మేయరూ. ఏ ధన్యవాదం ఎందుకో ఒక్కొక్కటే చెప్పు, వింటాను."

"పాత విషయాలు ఇప్పుడెందుకు చెప్పండి. పంతొమ్మిదేళ్ళయింది."

"నీకు పంతొమ్మిదేళ్ళయింది. మాకు రోజూ అయింది. నువ్వు శుక్రవారం సమాధి దగ్గర మాట్లాడాలని వచ్చావు, అవునా?"

"మీరు ఒప్పుకుంటేనే."

"ఒప్పుకుంటాను. దండ కూడా పెట్టుకో, ఎంత పెద్దదైనా పెట్టుకో. కానీ శుక్రవారం కంటే ముందు నాకో పని చెయ్యాలి. రేపు సాయంత్రం ఊరి భవనంలో చేపల సంఘం మీటింగుంది. అందరూ ఉంటారు, ఈ ఆరిళ్ళ వాళ్ళూ ఉంటారు. నువ్వెళ్ళి లేచి నిలబడు. ఒక్క మాట చెప్పు. 'ఆ రోజు ఓస్మున్‌ని సభలోంచి పంపేసింది నేను. తప్పు నాది, ఆయన్ది కాదు.' అంతే. కూర్చో. ఎల్లుండి పొద్దున నా గుమ్మంలో మనుషులుంటారు."

"అది... అలా ఎలా చెప్తానండీ?"

"నోటితో."

"అది కాదు. అది రూలు కదా. నేను పంపించడమేంటి?"

"రూలా! సరే, రూలు సంగతే చూద్దాం. పదిహేడుమంది కౌన్సిల్. స్కార్వలో బడి ఉంచాలా, మూసేసి పిల్లల్ని ఫెర్రీ ఎక్కించి అవతలి గట్టు బడికి పంపాలా? ఉంచాలన్నవాళ్ళు ఈయనతో కలిపి తొమ్మిది. మూసేయాలన్నవాళ్ళు ఎనిమిది. తప్పు చెప్తే దిద్దు."

"తప్పు లేదు."

"చర్చ మొదలవకముందే నువ్వు లేచావు. ఇరవై నాలుగేళ్ళవాడివి, కౌన్సిల్లో మొదటి ఏడాది, మీసం కూడా సరిగా లేదు. 'ఓస్మున్ గారు ఆ బడిలోనే ఉద్యోగం చేస్తున్నారు, సొంత పని ఉన్న విషయంలో ఆయన ఓటేయొచ్చా?' అన్నావు. ఈయన టోపీ తీసుకుని బయటికి నడిచాడు. ఎనిమిదీ, ఎనిమిదీ. సమానమైతే మేయరు ఓటుదే పైచెయ్యి. ఆ మేయరు మూసేయమన్నాడు. బడి పోయింది. ఇదే కదా నీ రూలు?"

"సొంత ప్రయోజనం ఉన్నవాళ్ళు కూర్చోకూడదనేది..."

"కూర్చోవచ్చని ఆర్నెల్లకి పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది! పంతులు ఉద్యోగం ఎటూ పోదు, ఇంకో బడికి మారుస్తారంతే, కాబట్టి ఓటేసి ఉండొచ్చు అని. అప్పటికి బల్లలు కూడా అమ్మేశారు. ఉత్తరం చూసి ఊరేమంది?"

"నాకు తెలుసు ఏమందో."

"నిన్నేమన్నా అందా? అన్లేదు. 'కుర్రాడు, రూలు తెలీక అడిగాడు' అంది. అన్నది ఈయన్ని. 'కౌన్సిల్ తేల్చేదాకా కూడా ఆగలేదే! ఒక్క మాట ఎదురు చెప్పలేదే! టోపీ పట్టుకుని సిద్ధంగానే ఉన్నాడే!' అని. ఆ తర్వాత అవతలి గట్టు బడిలో ఉప ప్రధానోపాధ్యాయుణ్ణి చేశారు. ఇంకేముంది, పుండు మీద కారం. పదవి కోసం బడి అమ్ముకున్నాడన్నారు."

"ఆ పదవి ఆయన అడగలేదు."

"అది నువ్వు వాళ్ళకి చెప్పు, నాకెందుకు? పదకొండేళ్ళురా. పదకొండేళ్ళు పొద్దున్నే ఏడున్నర ఫెర్రీలో, ఆ పిల్లలతోనే, అదే బడికి. పక్కసీటు ఖాళీ. పిల్లలు చెయ్యూపుతారు, వెంటనే గుర్తొచ్చి దించేసుకుంటారు. ఇళ్ళల్లో చెప్పి పంపారుగా. ఫెర్రీ కిందామీదా అవుతున్న రోజున కూడా ఆ సీటులో ఎవరూ కూర్చోలేదు. నిలబడి వాంతులు చేసుకున్నారు గానీ కూర్చోలేదు."

"ఆ ఫెర్రీలో నేనూ ఉండేవాణ్ణి కొన్నిసార్లు."

"నువ్వు కూర్చున్నావా పక్కన?"

"లేదు."

"పోనీ, అది కూడా రేపు చెప్పు."

"గుద్రునమ్మా, నేను వేరేలా చేస్తాను. ఆ మిగతా అయిదిళ్ళకీ నేనే వెళ్తాను. ఒక్కొక్కళ్ళతో విడిగా మాట్లాడతాను. పోయిన మనిషి మీద పంతం ఏంటని అడుగుతాను."

"వెళ్ళు. మొదటి ఇల్లు లార్షుది. వాడి కూతురు రోజూ గంటన్నర ఫెర్రీలో గడిపి, ఎనిమిదో తరగతిలో చదువు మానేసినంత పని చేసింది. వాడేమంటాడో నే చెప్తాను. 'ఆయన్ని మొయ్యమంటావా? ఆయన మా పిల్లల్ని మోశాడా?' అంటాడు. నీ దగ్గర జవాబుందా?"

"లేదు."

"నేను చెప్పమన్నదొక్కటే జవాబు. నీకెందుకు నోరు రావట్లేదో నాకు తెలీదనుకున్నావా? సెప్టెంబర్లో ఎన్నికలు."

"దానికీ దీనికీ..."

"ఆ ప్రశ్నతోనేగా నువ్వింతవాడివయ్యావు! 'సొంత ఊరని చూడలేదు, సొంత మాస్టారని చూడలేదు, అడగాల్సింది అడిగాడు, నిజాయితీపరుడు' అని అవతలి గట్టు వాళ్ళు నిన్ను నెత్తిన పెట్టుకున్నారు. మూడుసార్లు గెలిచావు. ఇప్పుడు ఆ ప్రశ్నే తప్పు అంటే కుర్చీ కిందకి నీళ్ళొస్తాయి. అంతే కదా?"

"ఎన్నికలు కాదు."

"మరేంటి?"

"ఎన్నికలు కాదు గుద్రునమ్మా. ఈసారి నేను నిలబడటం కూడా లేదు, ఇంకా ఎవరికీ చెప్పలేదు."

"అయితే మరీ మంచిది. పోయేదేం లేదు. చెప్పు."

"చెప్పలేను."

"ఎందుకు చెప్పలేవు?"

"చెప్పలేను, వదిలెయ్యండి."

"నా మొగుడు వారం రోజుల నుంచి ఆ ఆసుపత్రి చల్లటి గదిలో పడున్నాడు, నువ్వు నా వంటింట్లో కూర్చుని వదిలెయ్యమంటావా? నీకు చదువు చెప్పాడు. నీకు 'ర' పలక్కపోతే ఏడాదిపాటు సాయంత్రాలు కూర్చోబెట్టి పలికించాడు. దానికైనా సిగ్గు లేదూ?"

"ఉంది కాబట్టే చెప్పలేను! మాటిచ్చాను ఆయనకి."

"ఎవరికి?"

"ఏం లేదు. నేను వెళ్తాను. దండ సంగతి ఫోన్లో..."

"కూర్చో. కూర్చోమంటున్నానా! ఎవరికి ఏం మాటిచ్చావు?"

"మాస్టారికి. ఎవరికీ చెప్పనని. మీతో అసలే చెప్పనని."

"నాతో అసలే..."

"ఆయనే అన్నారు, 'గుద్రున్‌కి తెలీకూడదు' అని. ఇప్పుడు మీరే... మీరే ఇంత దూరం లాగారు. ఆ ప్రశ్న నాది కాదు, గుద్రునమ్మా. ఆయనే అడగమన్నారు."

"ఎప్పుడు?"

"ముందురోజు సాయంత్రం, ఫెర్రీ రేవులో. వాన పడుతోంది. నా చెయ్యి పట్టుకుని టికెట్ల గది వెనక్కి తీసుకెళ్ళారు. 'యోస్టైన్, రేపు నువ్వొకటి అడగాలి' అన్నారు. నాకర్థం కాలేదు. 'మీరు ఓటేస్తే బడి నిలబడుతుంది కదా మాస్టారూ' అన్నాను. 'అందుకే' అన్నారు."

"ఇంకా?"

"'ఏడుగురు పిల్లలు మిగిలారు. పంతులుగా అడిగితే మూసేయమంటాను. ఈ ఊరివాడిగా ఆ మాటకి చెయ్యెత్తలేను. ఉంచమని కూడా ఎత్తలేను, అబద్ధమవుతుంది. నువ్వు అడుగు, నేను లేచిపోతాను' అన్నారు. నేను కుర్రాణ్ణి. మాస్టారు చెప్పారు, చేశాను. బోర్డు మీద లెక్క చెయ్యమంటే చేసినట్టు చేశాను. తర్వాత జనం నన్ను మెచ్చుకుంటుంటే... మెచ్చుకోనిచ్చాను. అదీ నా తప్పు. ఆ తప్పు చెప్పమంటే రేపే చెప్తాను. కానీ ఆయన్ని నేను గెంటానని చెప్తే అది అబద్ధం. నిజం చెప్తే ఆ ఇద్దరు కూడా మిగలరు. ఇప్పుడు చెప్పండి, నన్నేం చెయ్యమంటారు?"

"కాఫీ పోయనా?"

"గుద్రునమ్మా, నేను చెప్పింది విన్నారా?"

"విన్నాను. ఈలిన్ గురించి చెప్పాడా?"

"ఏ ఈలిన్?"

"లార్షు కూతురు."

"ఆ, చెప్పారు. తన ఈడు పిల్ల ఒక్కతీ లేదని. విరామంలో మూడేళ్ళుగా..."

"'మూడేళ్ళుగా విరామంలో నాతో ఆడుకుంటోంది, యాభై ఆరేళ్ళ ముసలాడితో' అని."

"అవును, సరిగ్గా అదే మాట... మీకెలా తెలుసు?"

"ఆ మాట నేను చెప్పిందే."

"మీరా?"

"ఈ బల్ల దగ్గరే. నువ్వు కూర్చున్న కుర్చీలో ఆయన, ఇక్కడ నేను. ఆ పిల్ల గురించి చెప్తే ఆయన కరుగుతాడని నాకు తెలుసు. ఆదివారం మొదలుపెడితే బుధవారానికి కరిగాడు. ఆయన చెయ్యెత్తేవాడురా. బడి ఉంచాలనే ఎత్తేవాడు. ఏడుగురు కాదు, ఇద్దరు పిల్లలు మిగిలినా ఉంచమనేవాడు. అబద్ధమవుతుందట! ఆయన్ని మూసేయమని చెయ్యెత్తమన్నాను. కుదరదన్నాడు. అయితే కనీసం లేచిపో అన్నాను. ఎవరితో అడిగించాలో కూడా నేనే చెప్పాను. 'యోస్టైన్‌తో అడిగించు, వాడు నువ్వేం చెప్పినా చేస్తాడు' అన్నాను."

"ఎందుకు?"

"ఎందుకేంటి? నేను ఇరవై రెండేళ్ళప్పుడు వచ్చానిక్కడికి. బెర్గెన్‌లో మా వీధిలో రెండు సినిమాహాళ్ళు, ట్రాము. 'మూడేళ్ళే గుద్రున్, మూడేళ్ళు చేసి పట్నం మారిపోదాం' అన్నాడు. మూడు ముప్ఫై రెండయింది. గాలి, వాన, చేప వాసన, మళ్ళీ గాలి. బడి ఉన్నంతకాలం కదలడు. కదలడని తెలిసిపోయింది. బడి పోతే కదులుతాడనుకున్నాను. పెట్టెలు కూడా సర్దాను, తెలుసా? గిన్నెలన్నీ పేపర్లో చుట్టాను."

"మరి వెళ్ళలేదేం?"

"ఆయన రానన్నాడు. 'బడెలాగూ తీసేశాం గుద్రున్, తిట్టుకోడానికి మనిషినైనా ఉండనిద్దాం' అన్నాడు. నేను గిన్నెలు మళ్ళీ విప్పి అలమార్లో పెట్టాను. పంతొమ్మిదేళ్ళు. ఒక్కసారి, కనీసం క్రిస్మస్‌కి రెండు గుక్కలు వేసుకున్నప్పుడైనా, 'నీ వల్లే' అన్లేదు. అనుంటే బావుండేది. నీతో కూడా నా పేరు చెప్పకుండా పోయాడు చూడు, మహానుభావుడు."

"మీకు తెలీకూడదన్నది... మిమ్మల్ని తప్పించడానికా?"

"నీకు నామీద అనుమానం రాకుండా. ఇంకెందుకు?"

"ఇంత తెలిసీ నన్ను నిలబడి చెప్పమన్నారా? తప్పంతా నాదని?"

"నువ్వు మేయరువి. నాలుగు రోజులు తిడతారు, నవ్వుతారు, వదిలేస్తారు. నీ ఇల్లు ఎలాగూ అవతలి గట్టునేగా."

"గుద్రునమ్మా, వినండి. ఒక్కమాట వినండి. మీరు చెప్పండి."

"ఏం చెప్పను?"

"ఇప్పుడు నాకు చెప్పిందే. రేపు మీటింగులో. నేను పక్కన నిలబడతాను, నా సంగతి నేను చెప్తాను, తర్వాత మీరు. ఆయన బడి కోసమే చెయ్యెత్తబోయాడు, నేనే ఆపాను అనండి. పదవి కోసం కాదు, అమ్ముకోలేదు, అని. ఆ ఒక్క మాటకి లార్షు ఏడుస్తాడు. ఆరిళ్ళూ కదిలొస్తాయి. చెయ్యి పట్టే చోటు కోసం కొట్టుకుంటారు. రారంటారా?"

"వస్తారు."

"మరి?"

"వస్తారురా. నాకు తెలీదనుకున్నావా? ఆయన ఆ ఫెర్రీలో ఒక్కడే కూర్చున్న మొదటి రోజు నుంచీ తెలుసు."

"తెలిసీ ఎందుకు చెప్పలేదు? పోనీ ఇప్పుడైనా ఎందుకు చెప్పరు?"

"చెప్తే ఆయన్ని మోస్తారు, యోస్టైన్. ఆ తర్వాత నన్నెవరు మోస్తారు?"